తెడ్డు చూసే వైపు

బాలికల హాస్టల్, నెల్లూరు
జనవరి, ఆదివారం

మరదలు దుర్గకు,

వదిన రోజా రాస్తున్నది. ఈ రోజు నాన్న నన్ను చూడ్డానికి వచ్చాడు. నెలకు ఒక్క ఆదివారం, అందులో ఒక్క గంట. ఆ గంటలో సగం నీ గురించే చెప్పాడు. "దుర్గ సాయంత్రమైతే మనింట్లోనే చదువుకుంటా ఉండాది. మీ అమ్మ దానికి జడేస్తా ఉండాది. పీతల పులుసు నీకంటే జాస్తిగా తింటా ఉండాదిమే" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. నాన్న బస్సెక్కాక బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

మీ నాన్న కృష్ణపట్నం పోర్టులో ఉంటాడు, అత్త రొయ్యల షెడ్డు నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది, నిజమే. అయితే మాత్రం మా అమ్మ చేత జడ వేయించుకోవాలా? నీకు చేతులు లేవా?

సరే, పాఠం పంపుతున్నాను. పంపక చస్తానా! మన జాలరి కుప్పానికి ఈ నెల్లూరు కాలేజీలో ఒకే ఉచిత సీటు ఇస్తామని ట్రస్టు వాళ్లన్నారు. మనిద్దరికీ పదో తరగతిలో మార్కులు సమానం. ఇంకెక్కడైనా అయితే ఇంకో పరీక్ష పెట్టేవాళ్లు. మన కుప్పం పెద్ద కామాక్షయ్య తాత మాత్రం సరస్సులో వల కట్టే చోటుకి వేసినట్టు చీటీలు వేయించాడు. చీటీ నాకు వచ్చింది. అక్కడితో ఊరుకున్నాడా? "వంతు ఉన్నోళ్లు ఎనకొచ్చేవోళ్లకి లోతు చూపించాల. తప్పు లోతు చూపిస్తే వంతు పోద్ది. చదువుకైనా అదే కట్టుబాటు" అని తీర్పు చెప్పాడు. ట్రస్టు సారు పడీపడీ నవ్వి, సరే, ఏడాది చివర ఇద్దరికీ పరీక్ష పెడతాం, ఎవరికి ఎక్కువ వస్తే రెండో ఏడాది సీటు వాళ్లది అన్నాడు. అంటే నన్ను ఓడించబోయే దానికి నేనే కూర్చుని పాఠాలు రాసి పంపాలి. ఇంత చక్కని ఏర్పాటు మన పులికాట్ ఒడ్డున తప్ప ఇంకెక్కడా ఉండదు.

ఇక్కడ సెకండియర్ పాఠాలు అప్పుడే మొదలుపెట్టేశారు. పరీక్షలో అవి కూడా వస్తాయట. ఈ వారం ఫ్లక్స్. అయస్కాంత క్షేత్రం గీతలు ఒక కాయిల్‌లోంచి ఎన్ని దూరిపోతున్నాయో చెప్పేదే ఫ్లక్స్. క్షేత్రం బలాన్ని కాయిల్ వైశాల్యంతో హెచ్చించి, దాన్ని మళ్లీ కాస్ తీటాతో హెచ్చించాలి. తీటా అంటే కాయిల్‌కీ క్షేత్రానికీ మధ్య కోణం. అంతే. లెక్కలు, పుస్తకంలో ఇచ్చిన జవాబులు వెనక పేజీలో ఎత్తి రాశాను.

అమ్మకి చెప్పు, నా దువ్వెన ఎవరికీ ఇవ్వొద్దని.

రోజా

*

నడికుప్పం
జనవరి చివర

నెల్లూరు రోజా గారికి,

మీ మరదలు దుర్గ నమస్కరించి రాసుకొనునది. దువ్వెన తమరిదే వాడుతున్నాను. పళ్లు రెండు విరిగాయి, అవి ముందే విరిగి ఉన్నాయని అత్త సాక్ష్యం చెబుతుంది.

జడ సంగతికి అంత ఏడుపా వదినా? నేనేమని ఏడవాలి? నీకు సొంత మంచం, మంచం మీద ఫ్యాను, సబ్జెక్టుకో సారు, రోజూ గుడ్డు. నేను పొద్దున్నే ఆటోలో పదిమందితో ఇరుక్కుని సూళ్లూరుపేట వెళితే, మా ఫిజిక్స్ తిమోతి సారు ఒక్కడే రెండు కాలేజీలు చూసుకుంటూ వారంలో సగం రోజులు కనపడడు. సెకండియర్ పాఠం జూన్‌లో చెబుతానంటున్నాడు. నువ్వు రాసి పంపిన కాగితాలే నాకు కాలేజీ. నీ అక్షరాలు చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఆ చీటీ మడతలో నా పేరుంటే ఈ కాగితాలు నేను నీకు రాసేదాన్ని కదా అనుకుంటాను. ఇది రాయకూడదనే అనుకున్నాను, రాసేశాను.

ఇంకో సంగతి చెబుతాను, కుళాయి దగ్గరికి వెళ్లి చదువుకో. మామతో పడవలో వెళ్లే పెంచల్ చెయ్యి విరిగింది. తోడు ఎవరూ దొరక్క మామ తల పట్టుకుని కూర్చుంటే, సెలవు రోజుల్లో నేను వస్తానన్నాను. "ఆడపిల్లని పడవెక్కిస్తావా పోలయ్యా" అని కామాక్షయ్య తాత గొణిగాడు. "అది నా మేనకోడలు తాతా, మొగోడి కంటే బాగా తెడ్డేస్తాది" అన్నాడు మామ. నిన్న మొదటిసారి వెళ్లాను. పొద్దు పొడిచేటప్పుడు సరస్సు ఎంత బాగుంటుందో నేను చెప్పను, నీకు తల తిరుగుతుందిగా.

ఫ్లక్స్ లెక్కలు చేశాను. చేస్తుంటే ఎక్కడో రాయి తగిలినట్టుంది, ఏమిటో తెలియడం లేదు.

దుర్గ

*

నెల్లూరు
ఫిబ్రవరి

దుర్గకు,

నీ ఉత్తరం తరగతిలో చదివి, చింపి, మళ్లీ అన్నం మెతుకులతో అతికించుకున్నాను.

నాన్న నన్ను ఎప్పుడూ పడవ ఎక్కించలేదు. చిన్నప్పుడు ఒకసారి ఎక్కి వాంతి చేసుకున్నానని, ఆ ఒక్కటి పట్టుకుని "నీకెందుకుమే, నువ్వు చదువుకో" అనేవాడు. చదువుకోమన్నాడని చదువుకున్నాను. చదువుకున్నందుకు నాకు ఈ ఇనప మంచం, నీకు మా నాన్న పక్కన చోటు. బాగా తెడ్డేస్తుందట! నా గురించి ఎవరి దగ్గరైనా అంత గొప్పగా చెప్పాడా? చెప్పి ఉంటే నిజం రాయి. చెప్పకపోతే చెప్పాడని అబద్ధం రాయొద్దు.

నిన్ను చూసి కుళ్లుకుంటున్నాను, దుర్గా. దానికి ఇంకో పేరు పెట్టి రాయడం నాకు చేతకాదు.

ఇక్కడ అంతా బాగానే ఉంది. మార్కులు బాగానే వస్తున్నాయి. మొన్న వారం పరీక్షలో ఫ్లక్స్ లెక్కలు మాత్రం పోయాయి, పేపరు ప్రింటులోనే ఏదో తప్పు ఉండి ఉంటుంది. నీకు తగిలిన రాయి ఏమిటో తెలిస్తే రాయి.

రోజా

*

నడికుప్పం
మార్చి

వదినా,

రాయి దొరికింది. అది నువ్వు వేసిన రాయే.

ఆదివారం పోటు మీద వల కట్టడానికి వెళ్లాం. కర్రలు పాతి, నీళ్లు వచ్చే దారికి అడ్డంగా మామ వల కట్టాడు. ఒక కర్ర వదులై వల పక్కకి తిరిగిపోయింది. అలా తిరిగేకొద్దీ వలలోంచి పోయే నీళ్లు తగ్గిపోయాయి. చివరికి వల గోడ నీళ్ల వెంబడే నిలబడితే చుక్క నీరు కూడా అందులోంచి పోవడం లేదు, పక్కనుంచి పోతోంది. "చూసినావా, ఇట్టుంటే ఒక్క రొయ్య కూడా పడదు" అని మామ విసుక్కున్నాడు. నాకు అక్కడే నీ ఫ్లక్స్ గుర్తొచ్చింది.

నువ్వేం రాశావు? కాయిల్‌కీ క్షేత్రానికీ మధ్య కోణమని రాశావు. కాయిల్ వల అనుకో, క్షేత్రం నీళ్లనుకో. వల నీళ్ల వెంబడే ఉంటే కోణం సున్నా. కాస్ సున్నా అంటే ఒకటి. అంటే నీ లెక్కలో రొయ్యలన్నీ మన బుట్టలోకే! అడ్డంగా కడితే కోణం తొంభై, కాస్ తొంభై సున్నా, ఒక్కటీ పడదు. నీ సూత్రం నమ్మి వల కడితే మామ నన్ను సరస్సులోకి తోసేస్తాడు.

అంత పెద్ద కాలేజీలో చదివే నీకు ఇది తెలియదా? తెలుసు. కోణం ఎక్కడి నుంచి కొలవాలో కావాలనే దాచావు. నేను జడ వేయించుకున్నానని, పడవెక్కానని, పులుసు తిన్నానని ఈ విధంగా తీర్చుకున్నావు. కామాక్షయ్య తాతకి చెబితే నీ సీటు ఏమవుతుందో నీకు తెలుసు. చెప్పనులే. నేను నీలాంటిదాన్ని కాను.

దాచడం నాకు రాదు కాబట్టి నేను కనిపెట్టింది రాస్తున్నాను, రాసుకో. ఇచ్చిన కోణాన్ని తొంభైలోంచి తీసేసి, వచ్చినదానికి కాస్ వేసెయ్. నువ్వు పంపిన లెక్కలన్నీ అలాగే చేశాను, జవాబులన్నీ సరిపోయాయి. పరీక్షలో నీకూ పనికొస్తుంది.

దుర్గ

*

నెల్లూరు
మార్చి

దుర్గా,

నేను దాచలేదు.

నువ్వు నమ్మవు. నా స్థానంలో నువ్వుండి, నీ స్థానంలో నేనుండి ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు. అయినా నిజమే రాస్తున్నాను. నాకు తెలిసిందే నీకు రాశాను. నాకు తెలిసింది అంతే.

ఇక్కడ సుధాకర్ సారు ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోతాడు. మార్కులను బట్టి కూర్చోబెడతారు. నేను ఇప్పుడు చివరి బెంచీలో ఉన్నాను. ఈ మాట అమ్మకీ నాన్నకీ చెప్పొద్దు. నేను ఎత్తిరాసుకునేలోపే సారు బోర్డు తుడిచేస్తాడు. ఆ రోజు బోర్డు మీద కాయిల్, దాంట్లోంచి పోతున్న బాణాలు, పక్కకి పొడుచుకొచ్చిన ఇంకో గీత ఏదో ఉన్నాయి. ఆ గీత ఏమిటో అడుగుదామంటే ముందు బెంచీల వాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. వాళ్ల చూపు నీకు తెలియదు. "ఫ్రీ సీట్" అని చెవిలో చెప్పుకుంటారు. నేను అడగలేదు. ఫ్లక్స్ లెక్కలన్నీ వరసగా పోయాయి, ఎందుకు పోతున్నాయో కూడా తెలియలేదు.

నువ్వు రాసినట్టు తొంభైలోంచి తీసి చేశాను. నిన్నటి పరీక్షలో రెండు లెక్కలూ సరిగ్గా వచ్చాయి. ఇన్ని రోజుల తర్వాత నా పేపరు మీద సారు టిక్కు పెట్టాడు. సంతోషం పట్టలేక పక్కమంచం అమ్మాయికి మన వల సంగతి చెప్పాను. ఆ అమ్మాయి నవ్వలేదు, రొయ్యల రేటు అడిగింది.

నువ్వు మా నాన్న పక్కన నిలబడి కనిపెట్టావని తలుచుకుంటే ఇంకా కడుపు మండుతూనే ఉంది. అయినా కనిపెట్టినదాన్ని నాకు పంపావు. నేనే అయితే పంపేదాన్నో లేదో నాకు తెలియదు.

పరీక్ష మే నెలలో. కాయిల్‌కి గీసిన లంబం అని ఒక మాట ఫ్లక్స్ ప్రశ్నల్లో వస్తూ ఉంటుంది, దాంతో పనేమిటో నీకేమైనా తెలుసా? నీకు తెలిస్తే ఒక్క ముక్క రాయి.

రోజా

*

నడికుప్పం
ఏప్రిల్

వదినా,

నీ ఉత్తరం అందింది. చివరి బెంచీ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడ ఎండలు దంచేస్తున్నాయి. సరస్సు అంచు ఎండిపోయి ఉప్పు పొర తేలింది. పెంచల్ చెయ్యి అతుక్కుంది, మళ్లీ పడవకి వస్తున్నాడు, నేను మానేశాను. ఇప్పుడైనా నీ మనసు చల్లబడిందా? నువ్వు అడిగావు కాబట్టి నిజం రాస్తున్నాను: పడవలో ఉన్నంతసేపూ మామ నీ గురించే చెప్పేవాడు. "నా కూతురు నెల్లూర్లో ఉండాది" అని ఎదురొచ్చే పడవ ప్రతిదానికీ కేకేసి చెప్పేవాడు. నేను తెడ్డు వేస్తూ వినేదాన్ని.

లెక్కల గురించి ఇప్పుడేమీ రాయను. పరీక్ష దగ్గర పడింది, ఎవరి చదువు వాళ్లం చదువుకుందాం.

దుర్గ

*

బాలికల హాస్టల్, నెల్లూరు
జూన్

వదినకు,

నీ మంచం నాకే ఇచ్చారు. గోడ మీద నువ్వు పెన్సిల్‌తో రాసుకున్న నీ పేరు నా తల దగ్గర ఉంది. ఫ్యాను తిరిగినంతసేపూ టకటకమంటుంది. ఈ సంగతి నువ్వు ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు.

గెలిచి వచ్చినదాన్ని సంతోషంగా ఉండాలి కదా! మొదటి వారం ఉన్నాను. ఇప్పుడు సాయంత్రం కాగానే మీ ఇంటి వసారా గుర్తొస్తుంది. గుడ్డు రోజూ పెడతారు, నిజమే. ఉడికిన గుడ్డు చూస్తే అత్త పులుసు గుర్తొస్తుంది. నా జడ నేనే వేసుకుంటున్నాను, వంకరగా వస్తుంది.

నువ్వు ఇప్పుడు నా ఆటోలో సూళ్లూరుపేట వెళుతున్నావట. కిటికీ పక్క చోటు నాది, ఎవరికీ ఇవ్వొద్దని డ్రైవరుకి చెప్పి వచ్చాను, నువ్వు కూర్చోకు. మామ నిన్ను పడవెక్కించాడని అమ్మ ఉత్తరం రాయించింది. నిజమేనా? పెంచల్ ఉన్నాడుగా, నువ్వెందుకు? నీకు తల తిరగలేదా? తిరిగిందని రాయి, నా మనసు కుదుటపడుతుంది. ఏ వైపు కూర్చున్నావు? ఎడమ వైపు అడ్డచెక్క నాకు అలవాటు, అది అలాగే ఉండనీ.

కామాక్షయ్య తాత నా గురించి ఏమైనా అన్నాడా? ఊరికే అడుగుతున్నాను. పరీక్ష గురించి ఎవరైనా ఏమైనా మాట్లాడుకుంటున్నారా?

పాఠాలు ఇంకా సరిగా మొదలుకాలేదు. మొదలు కాగానే పంపుతాను.

దుర్గ

*

నడికుప్పం
జూలై

దుర్గకు,

ఎడమ వైపు అడ్డచెక్క మీదే కూర్చున్నాను. తల తిరిగింది. రెండుసార్లు వాంతి చేసుకున్నాను. మూడోసారి వెళ్లినప్పుడు చేసుకోలేదు. నీ మనసు కుదుటపడినంతవరకు పడనీ.

పరీక్షలో ఫ్లక్స్ లెక్క నీకు గుర్తుండే ఉంటుంది. క్షేత్రం, కాయిల్ తలానికి గీసిన లంబంతో అరవై డిగ్రీలు చేస్తోందని ఇచ్చారు. నేను నీ మాట ప్రకారం తొంభైలోంచి అరవై తీసి, ముప్ఫైకి కాస్ వేశాను. ఎంతో ధైర్యంగా వేశాను. ఆ పేపరు మొత్తం మీద నాకు అనుమానం లేని లెక్క అదొక్కటే. అది తప్పయింది. నువ్వు అరవైకే కాస్ వేశావని ట్రస్టు సారు చెప్పాడు. సీటు ఆ ఒక్క లెక్క దగ్గరే పోయింది. ఎందుకు తప్పయిందో తెలియక నెల రోజులు నా తలరాత అనుకున్నాను.

మొన్న ఆదివారం వల కట్టేటప్పుడు నాన్నని అడిగాను, దుర్గ ఆ రోజు ఇక్కడ నిలబడి ఏం కనిపెట్టిందని. కుళ్లుతోనే అడిగాను, ఇంకెందుకూ కాదు. నాన్న మొహం వెలిగిపోయింది.

"ఆ పిల్ల తెడ్డు తీసుకునిందిమే. వల గోడకి నిలువుగా, ఎదరకి పొడుచుకొచ్చేటట్టు పట్టుకునింది. 'మామా, వలని చూడొద్దు, తెడ్డు ఎటు చూస్తా ఉండాదో చూడు' అనింది. 'తెడ్డు నీళ్ల వెంబడి చూస్తే అన్నీ పడతాయి, అడ్డంగా చూస్తే ఏమీ పడవు. కోణం తెడ్డు కాడి నుంచే కొలవాల. లంబమంటే ఈ తెడ్డే మామా' అని ఎగిరి గంతేసింది. పడవ బోల్తా పడాల్సింది. నాకు ఒక్క ముక్క అర్థమయితే ఒట్టు. ఏం, నీకు రాయలేదా?"

"రాసింది నాన్నా" అన్నాను.

ఇంటికి వచ్చి నీ మార్చి ఉత్తరం తీసి చదివాను. వల ఉంది, నీళ్లు ఉన్నాయి, రొయ్యలు ఉన్నాయి. తెడ్డు లేదు. నేను పంపిన లెక్కల్లో కోణాలన్నీ కాయిల్ నుంచి ఇచ్చినవే, అందుకని తొంభైలోంచి తీస్తే సరిపోయాయి. పరీక్షలో తెడ్డు నుంచే ఇచ్చాడు, తీయాల్సిన పని లేదు. బోర్డు మీద పక్కకి పొడుచుకొచ్చిన ఆ గీత కూడా తెడ్డే. అది ఏమిటో తెలియకే నేను చివరి బెంచీకి పోయాను. నీకు తెలుసు. నేను కావాలని దాచాననుకుని నువ్వు కావాలని దాచావు, అక్కడి వరకు అర్థం చేసుకోగలను. కానీ నేను దాచలేదని రాశాక, లంబంతో పనేమిటో ఒక్క ముక్క రాయమని అడిగాక, నువ్వు ఎండల గురించి రాశావు.

నిన్ను జుట్టు పట్టుకుని ఈడ్చాలనిపించింది. అదే సాయంత్రం కామాక్షయ్య తాత ఇంటికి బయల్దేరాను. తప్పు లోతు చూపిస్తే వంతు పోతుంది. నీ ఉత్తరం చేతిలో ఉంది, నాన్న సాక్ష్యం ఉంది. ఒక్క మాట చెబితే వారంలో నువ్వు పెట్టె సర్దుకుని బస్సు దిగుతావు. తాత వాకిట్లో చాప మీద వల అల్లుకుంటున్నాడు. "ఏందిమే రోజా, ఇట్టొచ్చినావు?" అన్నాడు. "దుర్గ బాగా చదువుకుంటుందంట తాతా, నీకు చెప్పమనింది" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. చివరి బెంచీ సంగతి నువ్వు ఎవరికీ చెప్పలేదని గుర్తొచ్చింది, అందుకేనేమో. నాన్న దగ్గర కూడా ఒట్టు వేయించుకున్నాను, తెడ్డు సంగతి ఎక్కడా ఎత్తొద్దని. ఎందుకో ఆయనకి తెలియదు.

క్షమించానని అనుకోకు. క్షమించలేదు. నువ్వు ఆ మంచం మీద పడుకున్నావని తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. నువ్వు నా ఇంటి వసారాని తలుచుకుని ఏడుస్తున్నావంటే కొంచెం సంతోషంగానే ఉంది, అది కూడా దాచను. కిటికీ పక్క చోట్లో రోజూ నేనే కూర్చుంటున్నాను.

అమ్మ నిన్న పీతల పులుసు చేసింది. వచ్చే ఆదివారం నిన్ను చూడ్డానికి నాన్న వస్తాడు, మీ నాన్నకి సెలవు దొరకలేదట. మళ్లీ చేసి నీకూ ఒక డబ్బా పంపుతానంటోంది అమ్మ. నేను వద్దనలేదు.

ఎంసెట్ ఇద్దరం రాయాలి. దానికి చీటీలూ వంతులూ ఉండవు. ఇప్పుడు వంతు నీది, లోతు చూపించాల్సింది నువ్వు. మొదటి పాఠం నాన్నకిచ్చి పంపు. కోణం ఎక్కడి నుంచి కొలవాలో మొదటి వాక్యంలోనే రాయి.

వదిన,
రోజా